చేతికి లేని వెల చేవ్రాలుకు

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవుల్లో వచ్చి, “మాస్టారూ, ఆటగాడి సంతకమున్న పాత బేస్‌బాల్ కార్డు బంగారంకన్నా మేలండీ. ముప్ఫయ్యేళ్ళు దాచితే చాలు” అన్నాడు. ఈ వాదంలో పస యెంతో పరిశీలించవలసి వున్నది.

బేస్‌బాల్ కార్డంటే ఆటగాడి బొమ్మ అచ్చువేసిన అట్టముక్క. 1909–11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వాటిని సిగరెట్టు పెట్టెల్లో పెట్టి అమ్మింది. తర్వాత టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో కలిపి పిల్లలకు అమ్మింది. 1952 నాటి కార్డులు మిగిలిపోతే 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీకి చెందిన సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. ఆ వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. ఈ మధ్యకాలంలో దానికి యెవరి శ్రమా అదనంగా తోడుకాలేదు. పెరిగింది కొరత, కొనేవాడి డబ్బు.

మరి ఆడినవాడి సంగతేమిటి? 1960 దశకంలో తన బొమ్మ వాడుకోనిచ్చినందుకు టాప్స్ ఆటగాడికి ఏడాదికిచ్చింది 125 డాలర్లు. రిజర్వు క్లాజు అనే నిబంధన వల్ల అతడు జట్టు యజమానిని కాదని మరో జట్టుకు పోలేడు. దాన్ని యెదిరించిన నల్లజాతి ఆటగాడు కర్ట్ ఫ్లడ్ 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 1975లో మధ్యవర్తి తీర్పు వస్తేగాని ఆ సంకెల తెగలేదు. తన శ్రమకు తాను వెల చెప్పుకోలేకపోయిన మనిషి చేవ్రాలుకు నేడు వేలంపాటలో వెల కడుతున్నారు!

ఇదంతా ఆటమీది అభిమానమేననే పెద్దలున్నారు. అభిమానాన్ని నేను కాదనను. మైదానం గుమ్మం దగ్గర కాచుకుని పిల్లవాడు పెట్టించుకున్న సంతకం ఇద్దరు మనుషుల మధ్య స్నేహచిహ్నం. దాన్నే ప్లాస్టిక్‌లో బిగించి, అసలుదేనని ముద్ర వేయించి, ధర కోసం బీరువాలో పెడితే అది సరుకు. ఆ సరుకుదారుకు ఆటగాడి దీర్ఘాయువుతో పనిలేదు. సంతకం చేసే చెయ్యి చల్లబడితేనే ధర వేడెక్కుతుంది. లాభమున్నచోట దొంగ వుండనే వుంటాడు: 1990 దశకం చివర ఎఫ్.బి.ఐ. జరిపిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’లో దొంగ చేవ్రాళ్ళ ముఠాలే బయటపడ్డాయి.

పోనీ, లాభమైనా ఖాయమా? కార్డు గింజ పండించదు, గుడ్డ నేయదు. మరింత యిచ్చి కొనే మరొకడు రావాలి, అంతే. 1980 దశకం చివర లక్షలమంది యిదే ఆశతో దాచుకున్నారు. కంపెనీలు కుప్పలుగా అచ్చువేశాయి. ఆ కార్డుల్లో చాలావాటికి నేటికీ చెప్పుకోదగ్గ ధర లేదు.

నా విద్యార్థికి చెప్పిందిదే: ఆట యిష్టమైతే కార్డు దాచుకో నాయనా, దానికి పెట్టుబడి అని పేరుపెట్టకు. కార్డు వెనక ఆటగాడి పరుగుల లెక్క వుంటుంది. అతని జీతం లెక్క వుండదు. మనం అడగవలసింది ఆ రెండో లెక్క.