499 పెట్టే కార్డుకు లైన్ కట్టినం, ఉత్తగ వచ్చే ఫారం అడగడానికి సిగ్గుపడుతున్నం

  

పోస్టు పొడుగైతది. మెస్‌లో తిన్నంక తీరిగ్గా చదవండి. కోపమొస్తే కామెంట్లో తిట్టండి, కాకపోతే పూర్తిగా చదివి తిట్టండి.

పోయిన ఆదివారం మా హాస్టల్‌కు ఒక సీనియర్ అన్న వచ్చిండు. మన ఏజెన్సీ అన్ననే, అందుకే లోపలికి రానిచ్చినం. చేతిలో నల్లగా మెరిసే కార్డులు. 'స్టూడెంట్ డిస్కౌంట్ కార్డు, సంవత్సరానికి 499, రెండు వందల షాపుల్లో 50 శాతం వరకు తగ్గింపు' అన్నడు. గంటలో మా ఫ్లోర్‌లనే పదకొండు మంది తీసుకున్నరు. ముగ్గురు అప్పు చేసి తీసుకున్నరు. కార్డుకు యాభై రూపాయలు ఆయనకు కమీషన్ వస్తదని తర్వాత తెలిసింది. అన్న మీద మాకు కోపం లేదు, ఆయనకూ ఫీజు బకాయి ఉంది. కోపం మా మీదనే. ఎందుకో చెప్తం.

రాత్రి మా రూంలో ఆరుగురం కూచొని నోట్‌బుక్కులో లెక్క రాసినం. ఒక నెలలో మా జేబుల నుంచి పైసలు దేనికి పోతయి? ఫోన్ రీచార్జి, సబ్బు, కొబ్బరినూనె, జిరాక్స్, రికార్డు బుక్కులు, కటింగ్, చాయ్, ఆదివారం మిర్చి బజ్జి, ఊరికి పోయే చార్జీ. అన్న ఇచ్చిన లిస్టు పక్కన పెట్టి చూసినం. కాఫీ షాపులు, జిమ్ములు, మాల్‌లో బూట్ల షోరూంలు, సినిమా హాల్లో పాప్‌కార్న్, స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్, ప్రైవేటు స్లీపర్ బస్సులు. రెండు లిస్టుల్లో కలిసింది ఒక్కటే, కటింగ్. అది కూడా 400 రూపాయల సెలూన్‌ల. 20 శాతం తగ్గిస్తే 320. మా గల్లీలో 80 రూపాయలకు చేస్తరు, పైగా తల మసాజ్ ఉత్తగనే. అంటే 80 రూపాయలు మిగిలినయని సంబురపడుతూ 240 ఎక్కువ పెట్టి రావాలె. అంతకు ముందు మనం అడుగు కూడా పెట్టని షాపుకు తోలుకపోవుడే ఈ కార్డు పని.

ఇంకో లెక్క. 20 శాతం తగ్గింపుతో 499 తిరిగి రావాలంటే ఆ షాపుల్లో 2,495 రూపాయల సామాను కొనాలె. 10 శాతమైతే 4,990. కాలేజీ హాస్టల్‌లో ఒక్కొక్కరి తిండికి సర్కారు ఇచ్చేది నెలకు 2,100, అంటే రోజుకు 70 రూపాయలు. 2024 చివర్లో పెంచక ముందు 1,500 ఉండే. అంటే 499 ఏడు రోజుల తిండి ఖర్చు. '50 శాతం వరకు' అన్న మాటలో ఆ 'వరకు' ఎంత దూరం పోతదో లిస్టు చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఎక్కువ షాపుల్లో 10, 15 శాతమే. కొన్ని చోట్ల బిల్లు 500 దాటితేనే.

ఇంటి లెక్కలో చూస్తే ఇంకా బాధైతది. నిరుడు ఎండాకాలం మా అమ్మలు తెచ్చిన తునికాకుకు కట్టకు మూడు రూపాయలు పడ్డయి. కట్టకు యాభై ఆకులు. 499 అంటే 166 కట్టలు, పైన ఒక్క రూపాయి. 8,300 ఆకులు. పొద్దుగాల నాలుగింటికి అడవికి పోయి, ఎండెక్కక ముందే తెంపుకొని వచ్చి, కట్టలు కట్టి కల్లంలో ఆరేసిన ఆకులు. పదకొండు కార్డులకు ఎన్ని ఆకులో మీరే లెక్కేసుకోండి, మాకు చేయబుద్ధి కాలేదు.

'అన్నీ పైసలతోనే కొలుస్తరా?' అని మా రూంలోనే ఒకడు కొట్లాడిండు. వాడు కార్డు కొన్నోడే. వాడు చెప్పిన మాట విన్నంక మేం కాసేపు సప్పుడు చేయలేదు. వాడన్నది ఇది: 'మన దగ్గర ఉన్న ప్రతి కాయితం మీద ఎస్టీ అని ఉంటది. కుల ధృవీకరణ పత్రం, స్కాలర్‌షిప్ అప్లికేషన్, హాస్టల్ అడ్మిషన్, అన్నిట్ల. ఈ కార్డు మీద నా ఫొటో, నా పేరు, కింద స్టూడెంట్ అని మాత్రమే ఉంది. కాఫీ షాపులో చూపిస్తే కౌంటర్ మీద ఉన్నోడు సార్ అన్నడు.'

ఇది చిన్న మాట కాదు. మా ఇండ్లల్లో మేమే మొదటి డిగ్రీ. క్లాసులో వెనక బెంచీ నుంచి 'కోటా' అని ఎవడో అంటే తల తిప్పి చూడకుండా నోట్స్ రాసుకునుడు మాకు అలవాటైంది. అట్లాంటప్పుడు ఒక నల్ల కార్డు సార్ అనిపిస్తే ముద్దనిపిస్తది. కంపెనీకి ఇది బాగా తెలుసు. తగ్గింపు పేరు చెప్పి అది మనకు అమ్మేది ఆ మర్యాదనే. మా గొడవ ఇక్కడనే. ఆ మర్యాదను 499కి కొనుక్కుంటున్నం గానీ, మనకు హక్కుగా వచ్చిన దాన్ని నోరు తెరిచి అడగలేకపోతున్నం.

ఏంది ఆ హక్కు అంటరా? రైల్వేలో విద్యార్థి రాయితీ. సెలవులకు సొంతూరికి పోయే విద్యార్థికి సెకండ్ క్లాస్, స్లీపర్ అసలు చార్జీలో 50 శాతం తగ్గింపు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. అసలు చార్జీ నూరైతే పాతికే కట్టాలె. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ చార్జీలు మాత్రం మామూలే. ఇందులో 'వరకు' అన్న మాట లేదు. 2020 మార్చిలో కరోనా అని చెప్పి ముసలోళ్ళ రాయితీ ఎత్తేసినప్పుడు కూడా విద్యార్థులది ఆపలేదు. కావాల్సింది ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న కన్సెషన్ ఫారం. దాన్ని స్టేషన్ కౌంటర్‌లో ఇచ్చి టికెట్ తీసుకోవాలె, ఫోన్‌లో బుక్ చేస్తే రాదు.

మా హాస్టల్‌లో కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ దిక్కు గోండు, కోలాం పిల్లలున్నరు. భద్రాచలం దిక్కు కోయ పిల్లలున్నరు. వీళ్ళంతా సెలవులకు రైలెక్కేటోళ్ళే. భద్రాచలం రోడ్ అని పేరు పెట్టిన స్టేషన్ కొత్తగూడెంలో ఉంటది, అక్కడి నుంచి భద్రాచలానికి ఇంకో నలభై కిలోమీటర్లు. ఆ పేరు పెట్టినోళ్ళతో ఇంకోసారి కొట్లాడుదాం. సంగతేందంటే, వీళ్ళలో ఎంతమంది ఆ ఫారం వాడిండ్రు అని రూం రూంకు తిరిగి అడిగినం. ఇద్దరు. సగం మందికి అట్లాంటిది ఉన్నట్టే తెలియదు. తెలిసినోళ్ళు చెప్పిన కారణం వేరే: 'ఆఫీసులో క్లర్క్ ముందు నిలబడి అడగాలె, కౌంటర్ ముందు లైన్‌లో అందరూ చూస్తుంటే కుల పత్రం తీయాలె.'

పాప్‌కార్న్ మీద పది శాతానికి కార్డు తీసి చూపించడానికి సిగ్గు లేదు, టికెట్ మీద డెబ్బై అయిదు శాతానికి ఫారం చూపించడానికి సిగ్గు! ఈ సిగ్గు మనకు పుట్టుకతో రాలేదు. మనకు వచ్చేదాన్ని భిక్ష అని, కొనుక్కున్నదాన్ని గౌరవం అని నేర్పిండ్రు. మన తాతలు జల్ జంగల్ జమీన్ అని నిజాం మీదికి పోయినప్పుడు సిగ్గుపడి ఉంటే ఈ రోజు ఈ హాస్టల్ కూడా ఉండేది కాదు.

మా కాలేజీలో అడిగితే 'ఆ ఫారాల పుస్తకం లేదు' అన్నరు. పుస్తకం కాలేజీనే రైల్వేకు రాసి తెప్పించుకోవాలె. ఎవరూ అడగకపోతే ఎందుకు తెప్పిస్తరు?

బస్సు సంగతి రెండు మాటల్లో. మా అక్కచెల్లెళ్ళకు 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్ ఉంది. మగపిల్లలకు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ఉంది. కార్డులో ఉన్న స్లీపర్ బస్సు మా గూడేలకు రాదు, పల్లెవెలుగే క్రాస్ రోడ్డు దాకా వచ్చి ఆగుతది.

ఎవరికీ పనికిరాదని మేం అనడం లేదు. హైదరాబాద్‌లో చదువుకుంట, పార్ట్‌టైం చేసుకుంట, నెలనెలా కోచింగ్ ఫీజు కట్టే దాదాలున్నరు. ఆ కోచింగ్ సెంటర్ లిస్టులో ఉండి, ఒక్క ఫీజులోనే 499 కంటే ఎక్కువ తగ్గేటట్టుంటే తీసుకోండి. కాకపోతే కార్డు కొనక ముందే ఆ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. మేం లిస్టులో ఉన్న మూడు షాపులకు చేసినం. ఒకరు ఇస్తమన్నరు, ఒకరు ఆ ఆఫర్ అయిపోయిందన్నరు, మూడో ఆయన అసలు ఏ కార్డని మమ్మల్నే అడిగిండు. ఇంజనీరింగ్ తమ్ముళ్ళూ, సాఫ్ట్‌వేర్ మీద తగ్గింపు అని చెప్తే నమ్మి కొనకండి. గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్ కాలేజీ ఐడీతో ఉత్తగనే ఇస్తది. నేషనల్ డిజిటల్ లైబ్రరీకి కూడా రూపాయి కట్టాల్సిన పని లేదు.

కొన్నోళ్ళకు ఒక జాగ్రత్త. మొదటి నెల ఒక్క రూపాయే అని ఇంకో స్కీం ఉంది. మాలో ఒకడు అది తీసుకున్నడు. రూపాయి కట్టేటప్పుడు ఆటోపేకు కూడా ఒప్పుకున్నట్టైంది, వాడు చూసుకోలేదు. స్కాలర్‌షిప్ పడే ఖాతా నుంచే రెండు నెలలు 49 చొప్పున పోయినయి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటది, అందులోకి పోయి రద్దు చేయండి. కార్డు కోసం ఆధార్ ఫొటో, అమ్మానాన్నల నంబర్లు ఇచ్చినోళ్ళు ఇండ్లల్లో చెప్పి పెట్టండి. లోన్ ఇస్తమని, కోచింగ్ అని ఫోన్లొస్తే ఓటీపీ చెప్పొద్దని. మా నాన్నలు ఎవరు సార్ అని మాట్లాడినా నమ్ముతరు.

సీనియర్ అన్నకు కూడా ఈ పోస్టు పంపినం. చదివి, 'నాకు కూడా ఆ ఫారం కావాలిరా' అన్నడు.

బుధవారం పదకొండింటికి మా కాలేజీ ఆఫీస్ రూం ముందర కలుస్తున్నం. రైల్వే ఫారాల పుస్తకం తెప్పించాలని ప్రిన్సిపాల్ సార్‌కు వినతిపత్రం ఇస్తం. ఇప్పటికి నలభై రెండు సంతకాలైనయి, కార్డు కొన్న పదకొండు మందిలో తొమ్మిది మంది పెట్టిండ్రు. వేరే కాలేజీల వాళ్ళు మీ దగ్గర ఫారం ఇస్తున్నరో లేదో కింద రాయండి. మాతోని వచ్చేటోళ్ళు కాలేజీ ఐడీ, కుల పత్రం జిరాక్స్ తెచ్చుకోండి. గేటు ఎదురుగ ఉన్న షాపులో హాస్టల్ పిల్లలమని చెప్తే రూపాయికే తీస్తడు.