కోత ఎలా కోశారో రాసివ్వాలి
కాన్పు నొప్పుల్లో గర్భసంచి పగిలి స్త్రీ చనిపోతే కర్నూలు, కడప పల్లెల్లో 'దాని రాత' అంటారు. రాత కాదు. ముందు కాన్పు ఆపరేషనైతే గర్భసంచి ఆ కుట్టు దగ్గర బలహీనంగా వుంటుంది. కింది భాగంలో అడ్డంగా కోసివుంటే, తర్వాతి నొప్పుల్లో పగిలేది దాదాపు 200 మందిలో ఒకరికి. పైభాగంలో నిలువుగా కోసివుంటే ముప్పు ఎన్నో రెట్లు. పొట్ట మీది మచ్చ చూసి లోపలి కోత చెప్పలేం. పగిలాక బిడ్డకు నిమిషాలే గడువు. తల్లికి వెంటనే రక్తం, ఆపరేషన్ కావాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42 ఆపరేషన్లే. ఇంతమందిని కోస్తున్నవాళ్లు ఎలా కోశారో, ఎందుకు కోశారో ఎందరికి చెబుతున్నారు? కోసిగి నుంచి గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయిన గర్భిణికి నొప్పులు ఎక్కడ మొదలవుతాయో! ఊళ్లోనే వున్నా, ఆదోనిలో కుదరదని కర్నూలు పెద్దాసుపత్రికి పంపితే దాదాపు 100 కిలోమీటర్లు. పాత కోత సంగతి తెలియకుండా ఎవరో నొప్పుల ఇంజక్షన్ వేస్తే?

2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. అడిగితే విసుక్కుంటారు, అది మనకు కొత్తా? అయినా కోత అడ్డమో నిలువో డిశ్చార్జి కాగితంలో రాయించుకునే ఇంటికి రావాలి.