ఆకుతో చేసినా లోహం లోహమే

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మీకు కొత్త కాదు. 1980లో బొగ్గుతో యూరియా తీసింది. 1999లో మూతపడింది. 2021 నుంచి గ్యాసుతో మళ్ళీ నడుస్తోంది. బొగ్గు పోయి గ్యాసు వచ్చినా ఒక్కటి మాత్రం మారలేదు. గాలిలోని నత్రజని, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా కావాలంటే పక్కన ఇనుము ఉండాల్సిందే. ఆ అమ్మోనియా నుంచే మన యూరియా. ఇలా పని జరిపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. అది పెళ్ళి కుదిర్చే పెద్దమనిషి లాంటిది. ఇద్దరినీ కలుపుతుంది, తాను మాత్రం కాపురానికి పోదు.

ఉత్ప్రేరకం ఎంత సన్నగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. బెల్లం గడ్డకన్నా పొడి త్వరగా కరగడం మీరు చూసిందే. అందుకే శాస్త్రవేత్తలు లోహాన్ని నానో రేణువులుగా చేస్తున్నారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. వీటి తయారీకి తరచు ఘాటైన రసాయనాలు వాడతారు. 2004లో పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతోనే వెండి, బంగారం నానో రేణువులు తయారుచేసి చూపింది. ఆకులోని పదార్థాలే లవణాన్ని లోహంగా మారుస్తాయి, రేణువులు ముద్ద కట్టకుండా పైన పొరలా అంటుకుంటాయి. ఇలాంటి రేణువులు నీటిలోని రంగులను విరగ్గొట్టడానికి ఉత్ప్రేరకాలుగా ప్రయోగశాలల్లో పనిచేశాయి.

ఇది మెచ్చుకోవాల్సిన పనే. కానీ దీని చోటు ఫ్యాక్టరీ, మురుగునీటి శుద్ధి. అక్కడా చిక్కులు లేకపోలేదు. చెట్టు చెట్టుకూ, కాలం కాలానికీ ఆకు గుణం మారుతుంది. దానితోపాటు రేణువు సైజూ మారుతుంది.

మన జాగ్రత్త వేరే. రేపు ఎవరైనా సీసా పట్టుకొచ్చి, "ఇది నానో మందు, యాపాకుతోనే చేసినం, భూమికి ఏం గాదు" అంటే వెంటనే నమ్మకండి. ఆకుతో చేసినంత మాత్రాన వెండి ఆకు అయిపోదు. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. మంచిది, చెడ్డది అని తేడా చూడదు. పెసర, కంది వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టేవీ సూక్ష్మజీవులే. ఫ్యాక్టరీలో ఉత్ప్రేరకం పాడైతే తీసి మార్చవచ్చు. పొలంలో పోసిన లోహాన్ని ఏరి తీయలేం.

కాబట్టి కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏ లోహం ఉంది, ఎంత ఉంది? ఎరువైతే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద అనుమతి, పురుగుమందైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? మన నేలల్లో, మన పంట మీద ఎవరు పరీక్షించారు? జవాబు లేకపోతే సీసా తిరిగి ఇచ్చేయండి. కొంటే బిల్లు తీసుకోండి.

కూనారం పరిశోధన కేంద్రం, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఏ నానో మందైనా ముందు అక్కడి మడిలో పరీక్షకు నిలవాలి, తర్వాతే రైతు పొలంలోకి రావాలి. ఆ మాట అడిగే హక్కు మనది. ఎకరం, రెండెకరాల రైతుకు ఒక్క పంట పోతే ఏడాదంతా పోయినట్టే.