టైటాన్స్ వదులుకోవలసిన యువ డిఫెండర్ ఎవరు?

నాదెండ్ల: మంచి ధర వచ్చిందని కోడెగిత్తను అమ్మబోయే రైతు ముందుగా ఒక సంగతి చూసుకుంటాడు. ఆ గిత్త కాడికి ఏ పక్కన నడుస్తోంది, దాని జోడు ఏది, ఇది వెళ్ళిపోతే ఆ జోడు గతి ఏమిటి? దాపటకు అలవాటుపడిన ఎద్దును తెల్లవారేసరికి ఎలపటకు మార్చితే నాగలి సరిగా సాగదు. బండలాగుడు పందెంలో అయితే పరువే పోతుంది. పల్నాడులో ఇది ఎవరికీ చెప్పవలసిన విషయం కాదు. కాని లక్షలు పోసి ఆటగాళ్ళను కొనే కబడ్డీ జట్ల యాజమాన్యాలకు మాత్రం ఈ చిన్న లెక్క ఒక్కొక్కసారి తట్టదు. తెలుగు టైటాన్స్ జట్టు గత కొన్ని సంవత్సరాల చరిత్రే ఇందుకు నిదర్శనం.

ప్రో కబడ్డీ లీగ్ 12వ సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో ప్రారంభమైంది. టైటాన్స్ విజయ్ మాలిక్ నాయకత్వంలో ఆడి, చాలా ఏళ్ళ తరువాత ఫైనల్ గడప దాకా వెళ్ళింది. అక్టోబర్‌లో జరిగిన రెండవ క్వాలిఫయర్‌లో పుణేరీ పల్టన్ చేతిలో 50-45తో ఓడిపోయింది. ఆ స్కోరు ఒకసారి నిదానంగా చూడాలి. ఒక జట్టు 45 పాయింట్లు సాధించిందంటే కూతకు వెళ్ళినవారు తమ పని తాము చేశారనే అర్థం. 45 సాధించి కూడా ఓడిందంటే లోపం ఎక్కడున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇచ్చుకున్న 50 పాయింట్ల దగ్గరే ఉన్నది.

ఈ ఓటమి దరిమిలా అభిమానుల్లో ఒక చర్చ బయలుదేరింది. డిఫెన్స్‌ను మార్చాలి, కుర్రవాళ్ళలో ఒకరిని వదిలి ఆ సొమ్ముతో పేరున్న వాడిని తేవాలి అని కొందరి వాదన. వదలడం అంటూ జరిగితే ఎవరిని వదలాలి? అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఈ లీగ్‌లో ఆటగాళ్ళను జట్లు ఏ విధంగా ఉంచుకుంటాయో కొంచెం చెప్పాలి. సీజన్ ముగిశాక ప్రతి జట్టూ కొందరిని అట్టిపెట్టుకుంటుంది, మిగిలినవారిని వదిలివేస్తుంది. అట్టిపెట్టుకునే వారిలో అగ్రశ్రేణి వారికి ఒక వర్గం, యువ ఆటగాళ్ళకు ఒకటి, కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళకు మరొకటి ఉన్నాయి. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళు, రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు అని విభాగాలు చేస్తారు గదా, ఇంచుమించు అటువంటిదే. మిగిలినవారు వేలానికి వెళతారు. ఇటీవలి సీజన్లలో ఒక్కొక్క జట్టు ఖర్చుకు 5 కోట్ల రూపాయల పరిమితి విధించారు. తాము వదిలిన వాడికి వేలంలో మరొక జట్టు పాడిన చివరి ధరను తామే చెల్లించి వెనక్కు తెచ్చుకునే వీలు కూడా ఉన్నది. దీనిని ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు. 2025 వేలంలో విజయ్ మాలిక్‌ను టైటాన్స్ 51.5 లక్షలకు ఈ పద్ధతిలోనే తిరిగి తెచ్చుకున్నది. కాబట్టి వదిలినంత మాత్రాన తలుపు మూసుకుపోదు. అయితే తిరిగి తలుపు తట్టినప్పుడు ధర ఎంత ఉంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇక పాత కథకు వద్దాం. 2018లో టైటాన్స్‌కు నాయకుడు విశాల్ భరద్వాజ్. హిమాచల్ కుర్రవాడు, ఎడమ మూలలో నిలబడేవాడు. రైడర్ కాలు ముందుకు వేసి వెనక్కు తీసుకునే లోపల చీలమండ పట్టి ఆపగల నేర్పు అతనిది. కుడి మూలకు ఇరాన్ ఆటగాడు అబోజర్ మిఘానీని అదే ఏడాది 76 లక్షలు పెట్టి తెచ్చారు. 2018, 2019 సీజన్లలో ఈ జంట కలిసి ఆడింది. జట్టు గెలుపులు అంతంతమాత్రమే. 2019లో 11వ స్థానంతో సరిపెట్టుకున్నది. అయినా డిఫెన్స్‌కు ఒక రూపం ఉండేది. తెలుగు టైటాన్స్ మూలలంటే ప్రత్యర్థి రైడర్లకు కాస్త జంకు ఉండేది.

2021 వేలానికి వచ్చేసరికి విశాల్ పుణేకి వెళ్ళిపోయాడు. మిఘానీ బెంగాల్ వారియర్స్‌కు వెళ్ళిపోయాడు. అంటే ఎలపటా, దాపటా రెండూ ఒకేసారి దొడ్డి దాటాయన్నమాట. టైటాన్స్ తన ధనంలో పెద్ద వాటా రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ మీద పెట్టింది. అతని ధర 1.30 కోట్లు. అతడు కొన్ని మ్యాచ్‌లకే గాయపడ్డాడు. గాయానికి ఎవరినీ తప్పుపట్టలేము. కాని రైడర్ లేనినాడు డిఫెన్స్ నిలబడి మ్యాచ్‌ను కాపాడాలి గదా! మూలలు కొత్తవి, మధ్యలో కవర్లకు వాటితో పొత్తు కుదరలేదు. 22 మ్యాచ్‌లలో టైటాన్స్ గెలిచింది ఒకటే ఒకటి. పట్టికలో అట్టడుగు స్థానం.

అంతటితో పాఠం నేర్చుకున్నారా అంటే, ఒక విధంగా నేర్చుకున్నారు, మరొక విధంగా లేదు. 2022లో డిఫెన్స్ మీద దృష్టి పెట్టారు. రవీందర్ పహల్‌ను నాయకుడిగా తెచ్చారు. సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైన్స్వాల్ వచ్చారు. విశాల్ భరద్వాజ్ కూడా తిరిగి వచ్చాడు. కాగితం మీద చూస్తే లీగ్‌లోనే గట్టి డిఫెన్స్ అనిపించేది. ఫలితం రెండు గెలుపులు, 20 ఓటములు. నాలుగు ఊళ్ళ నుంచి నాలుగు మేటి ఎద్దులను కొనుక్కువచ్చి ఒకే కాడికి కడితే ఏమవుతుందో సరిగ్గా అదే అయింది. ఒకడు పట్టడానికి దూకేవేళకు రెండవవాడు వెనక్కు తగ్గాడు. ఇద్దరూ దూకినప్పుడు మూడవవాడు దారి వదిలాడు. ఆ మరుసటి సీజన్‌లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు, అప్పటికి లీగ్ చరిత్రలోనే అత్యధిక ధరకు కొన్నారు. అప్పుడూ గెలుపులు రెండే.

మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, అయిదు విజయాలు. ఈ మూడింటిలోనూ పేరున్న ఆటగాళ్ళకు కొదువ లేకపోవడం గమనార్హం.

2024లో జట్టు కోలుకున్నది. 22 మ్యాచ్‌లకు 12 గెలిచింది. 2025లో పవన్ లేకుండానే ఇంకా పైకి వెళ్ళింది. ఇందుకు రైడింగ్‌లో విజయ్ మాలిక్, 81 లక్షలకు తెచ్చుకున్న భరత్ హుడా కారణమని అందరూ అంటారు. అది నిజమే. కాని అజిత్ పవార్, అంకిత్ వంటి కుర్రవాళ్ళను ఒక సీజన్ నుంచి మరొక సీజన్‌కు అట్టిపెట్టుకున్న సంగతి మీద అంతగా ఎవరి దృష్టీ పడలేదు. అజిత్ పవార్ 2023 నాటి పరాభవాన్ని కూడా బరిలో ఉండి చూసినవాడు.

ఇతర జట్ల అనుభవం కూడా ఇదే చెబుతున్నది. హర్యానా స్టీలర్స్ 2021లో జైదీప్ దహియా, మోహిత్ నందల్ అనే ఇద్దరు కుర్రవాళ్ళను కవర్ స్థానాల్లో నిలబెట్టింది. మొదటి రెండు సీజన్లలో ఆ జట్టు ప్లే ఆఫ్ ముఖం చూడలేదు. ఇంకొక యాజమాన్యం అయితే అప్పుడే ఒకరిని వదిలి ఉండేది. వీరు ఆ జంటను విడదీయలేదు. 2024 మార్చిలో ఫైనల్‌కు వచ్చి పుణే చేతిలో ఓడింది. అదే ఏడాది డిసెంబర్ 29న పట్నా పైరేట్స్‌ను 32-23తో ఓడించి కప్పు ఎత్తుకున్నది. ఫైనల్‌లో పట్నాను 23 పాయింట్ల దగ్గర ఆపడం ఒక్కరోజు అదృష్టం కాదు, మూడేళ్ళ సహవాసం. జైపూర్ సంగతి చూసినా, 2022లో కప్పు గెలిచినప్పుడు ఎడమ మూలలో అప్పటికి పెద్దగా పేరులేని అంకుశ్ నిలబడి ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువగా 89 టాకిల్ పాయింట్లు తెచ్చాడు.

ఇందుకు ఎదురువాదన లేకపోలేదు. ఒక మంచి రైడ్‌తో రెండు, మూడు పాయింట్లు రావచ్చు; ఒక పట్టుకు వచ్చేది సాధారణంగా ఒకటే పాయింట్, కాబట్టి డబ్బు రైడర్ మీదే పెట్టాలి అంటారు. లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. కాని పట్టు పడినప్పుడు ఎదుటి జట్టు రైడర్ బయటకు పోతాడు, మన వాడొకడు లోపలికి వస్తాడు. ముగ్గురు లేక అంతకంటే తక్కువ మంది మిగిలిన వేళ పట్టితే అదనంగా మరొక పాయింటు. పైగా ఎదుటి మేటి రైడర్ బల్లమీద కూర్చున్నంతసేపు ఆ జట్టు ఖాళీ కూతలతో కాలం గడుపుతుంది. రెండు ఖాళీ కూతల తరువాత మూడవది తప్పనిసరిగా పాయింటు తేవలసిన కూత. అది చావోరేవో కూత అని మన చెడుగుడు కుర్రవాళ్ళకు కూడా తెలుసు. డిఫెన్స్ ఇచ్చే లాభం ఈ విధంగా నాలుగైదు చోట్ల కనబడకుండా జమ అవుతుంది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. 2025 సీజన్‌లో ఆడిన డిఫెండర్లలో శుభమ్ షిండే అనుభవజ్ఞుడు, అంతకుముందు పట్నాకు ఆడినవాడు. కుర్రవాళ్ళ లెక్కలోకి రాడు. అతని మాట డబ్బుతో తేలుతుంది. మిగిలినది అంకిత్, అజిత్ పవార్, అవి దుహాన్.

వీరిలో అంకిత్‌ను కదపరాదు. మూలలో నిలబడేవాడు దొరకడం కష్టం. కవర్ పని పక్కవాడితో కలిసి దూకి అడ్డుకోవడం. ఒక ఏడాది కలిసి ఆడితే చాలావరకు కుదురుతుంది. మూల పని ఒంటరిది. రైడర్ బోనస్ గీత మీదికి కాలు చాచినప్పుడు ఎప్పుడు దూకాలో, ఎప్పుడు ఊరుకోవాలో క్షణంలో తేల్చుకోవాలి. తప్పితే తానే అవుటవుతాడు. ఇటువంటి వాడిని తయారుచేసుకోవాలే గాని వేలంలో కొనడం అన్నిసార్లూ కుదరదని 2022 నిరూపించింది.

అజిత్ పవార్‌ను అంకిత్ నుంచి విడదీయడం కూడా వివేకం కాదని మా అభిప్రాయం. 2024, 2025 సీజన్లు రెండూ కలిసి ఆడినవారు. మనకు కావలసిన జోడు ఇదే.

వదలక తప్పకపోతే అవి దుహాన్‌ను వదలాలి. అతని ఆట తీసికట్టని కాదు. నిజానికి విడిగా చూస్తే మరొక జట్టు అతని కోసం పోటీపడినా ఆశ్చర్యం లేదు. మంచి ధర పలికే గిత్తనే గదా ఎవరైనా అడిగేది! కాని ఇతడు వెళ్ళితే పాడయ్యే జోడు మిగిలిన ఇద్దరి జోడంత ముదిరినది కాదు.

ఈ నిర్ణయంతో మన పల్లెలకేం పని అనవచ్చు. నాదెండ్లలో గాని, చిలకలూరిపేట, నరసరావుపేట వైపు గాని సాయంత్రం పూట కబడ్డీ ఆడే పిల్లలను గమనించండి. అందరూ కూతకే ఎగబడతారు. మూలలో నిలబడమంటే మొహం చిట్లిస్తారు. పెద్ద ధరలు రైడర్లకే పలకడం, డిఫెండర్లను ఏటా అటూ ఇటూ విసిరివేయడం వారు టీవీలో చూస్తూనే ఉన్నారు. ఒక తెలుగు పేరున్న జట్టు మూల ఆటగాడిని అయిదేళ్ళు అట్టిపెట్టుకుంటే ఆ పిల్లల్లో ఒకరిద్దరైనా తాము మూలలో నిలబడతామంటారేమో.

అవి దుహాన్‌ను వదిలినా ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డును అతని కోసమే దాచి ఉంచడం మేలు. భరత్‌కు పెట్టిన 81 లక్షల్లో సగం లోపు పాట ఆగితే వెంటనే కార్డు ఎత్తవచ్చు. అది దాటి పోతే మాత్రం, ఎంత ముద్దొచ్చిన గిత్త అయినా, పగ్గం వదిలివేయాలి.