పిలవనిదే లోపలికి రాకూడదు

పోయిన ఆదివారం పొద్దున్నే పిన్ని ఫోన్. ఆదివారం ఎనిమిదింటికల్లా ఫోన్ వచ్చిందంటే మా చుట్టాల్లో రెండే కారణాలుంటాయి. ఎవరికైనా సంబంధం కుదిరి ఉండాలి, లేదా ఎవరికైనా ఒంట్లో బాగోక ఉండాలి. ఇది మూడో రకం.

"నువ్వోసారి రావే. నీ చెల్లెలు దెయ్యాన్ని ప్రేమించే పుస్తకాలు చదువుతోంది."

"దెయ్యం కాదమ్మా, వాంపైర్!" వెనక నుంచి చెల్లి గొంతు.

"విన్నావా? వాణ్ణి వెనకేసుకొస్తోంది కూడా."

చెల్లి టెన్త్. రాత్రి పన్నెండున్నరకి దుప్పట్లో వెలుగు కనిపిస్తే బాబాయి వెళ్లి ఫోన్ లాక్కున్నాడట. ఏ అబ్బాయితోనో చాటింగ్ అనుకున్నాడు. చూస్తే ఇంగ్లిష్ నవల. హమ్మయ్య అనుకునేలోపు అందులో రక్తం, ముద్దు ఒకే పేజీలో కనిపించాయి. ఫోన్ బీరువాలోకి వెళ్లింది. తాళం బాబాయి జేబులోకి వెళ్లింది.

నేను నవ్వాను. తర్వాత కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ నవల 'ట్వైలైట్'. పన్నెండేళ్ల క్రితం దుప్పట్లో ఉన్నది నేనే.

అప్పుడు నేను విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్. మీలో చాలామందికి ఆ బతుకు తెలిసే ఉంటుంది. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్ట్, నోటీస్ బోర్డు మీద ర్యాంకులు, ర్యాంకు తగ్గితే సెక్షన్ మార్పు. ఇంటికి ఫోన్ చేసినా పక్కన వార్డెన్ నిలబడి ఉండేది. దసరా సెలవుల నుంచి వస్తూ మా రూమ్‌మేట్ ఫుట్‌పాత్ మీద కొన్న 'ట్వైలైట్' కాపీ తెచ్చింది. ఆరుగురం ఒకేసారి చదవాలని దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదానికి అట్టేసి, పైన 'ఆర్గానిక్ కెమిస్ట్రీ' అని రాశాం. నాకు మొదట దొరికింది మూడో ముక్క. అంటే హీరో వాంపైర్ అన్న సస్పెన్స్ నాకు లేనే లేదు. నేను వెళ్లేసరికే వాళ్లు పీకల్లోతు ప్రేమలో ఉన్నారు.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. బెల్లాకి పదిహేడేళ్లు. అమెరికాలో ఎప్పుడూ వాన పడే ఫోర్క్స్ అనే చిన్న ఊళ్లో ఉన్న నాన్న దగ్గరికి వస్తుంది. కొత్త స్కూల్లో ఎడ్వర్డ్ కనిపిస్తాడు. చూడ్డానికి పదిహేడే. కానీ 1918లో స్పానిష్ ఫ్లూతో చావబోతుంటే వాంపైర్‌గా మార్చారు కాబట్టి అప్పట్నుంచీ పదిహేడే. ఆమెను ప్రేమిస్తాడు. ఆమె రక్తం తాగాలని దాహం కూడా వేస్తుంది. స్టెఫనీ మేయర్ అనే ఆవిడకి 2003లో వచ్చిన ఒక కలలోంచి పుట్టిన కథ ఇది. 2005లో పుస్తకమైంది, 2008కల్లా నాలుగు భాగాలైంది, కోట్ల కాపీలు అమ్ముడుపోయింది.

అంతమంది టీనేజీ అమ్మాయిలు దీనికి ఎందుకు పడిపోయారని అడిగితే పెద్దవాళ్లు ఠక్కున చెప్పే జవాబు "అందమైన హీరో కాబట్టి" అని. అందమైన హీరోలు మనకేం కొరత? నా ఆర్గానిక్ కెమిస్ట్రీ అనుభవం వేరే చెప్తుంది.

ఎడ్వర్డ్‌కి అందరి మనసుల్లో మాటలూ వినిపిస్తాయి. బెల్లా మనసు తప్ప. అది చదివిన రాత్రి నాకింకా గుర్తుంది. మా హాస్టల్లో నా మార్కులు అందరికీ తెలుసు. నా డబ్బాలో ఎన్ని జంతికలున్నాయో వార్డెన్‌కి తెలుసు. అలాంటి చోట, ఎవరూ తొంగిచూడలేని మనసున్న ఒక మామూలు అమ్మాయి కథ! అందులోనూ ఆ అమ్మాయికి ఏ ర్యాంకూ లేదు. వందేళ్లుగా ప్రపంచాన్ని చూస్తున్నవాడికి ఆమే ఆసక్తిగా కనిపించింది. మూడో సెక్షన్లో నలభై రెండో ర్యాంకు అమ్మాయికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండోది, ఒళ్లు. ఆ వయసులో మన శరీరమే మనకు కొత్తగా, కొంచెం భయంగా ఉంటుంది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, జాగ్రత్తలు మాత్రం చెప్తారు. ఈ కథల్లో దాని గురించే మాట్లాడతారు, కాకపోతే మారుపేరుతో. రెండో భాగంలో జేకబ్ అనే కుర్రాడు ఉన్నట్టుండి పొడుగైపోతాడు, ఒళ్లు కాలిపోతుంటుంది, కోపం ఆపుకోలేడు, పాత స్నేహితులకి మొహం చాటేస్తాడు. తోడేలుగా మారుతున్నాడని తర్వాత తెలుస్తుంది. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఉంటే ఇదే మార్పు తోక లేకుండా చూసి ఉంటారు. ఇక ఎడ్వర్డ్ సంగతి. ఏమైనా చేయగల బలం ఉండి, చేయకుండా తనని తాను ఆపుకోవడమే అతని ప్రేమ. 'మగాళ్లతో జాగ్రత్త' అని వింటూ పెరిగిన అమ్మాయికి, జాగ్రత్తపడే బాధ్యత తనే తీసుకున్న మగాడు కనిపిస్తే అది వాంపైర్ కన్నా పెద్ద వింత.

ఇదంతా పరాయి పైత్యం అనుకోకండి. భాగవతంలో ఉషా అనిరుద్ధుల కథ గుర్తు చేసుకోండి. బాణాసురుడి కూతురు ఉష కలలో ఒకణ్ణి చూసి మనసు పారేసుకుంటుంది. చెలికత్తె చిత్రరేఖ వరసగా రాజకుమారుల బొమ్మలు గీసి చూపిస్తుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష సిగ్గుపడుతుంది. అంతే, చిత్రరేఖ ఆకాశమార్గాన ద్వారకకి వెళ్లి, నిద్రపోతున్నవాణ్ణి నిద్రపోతున్నట్టే ఎత్తుకొచ్చేస్తుంది. పాపం, అతన్ని కూడా ఎవరూ అడగలేదు.

అడగడం. నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే.

పాత వాంపైర్ కథల్లో ఒక రూల్ ఉంది. ఇంట్లోవాళ్లు పిలవనిదే వాంపైర్ గడప దాటి లోపలికి రాలేడు. 1897 నాటి 'డ్రాకులా'లో ఉంది, మొన్నమొన్నటి 'వాంపైర్ డైరీస్' సీరియల్లోనూ ఉంది. వెయ్యిమందిని చంపగల జీవి కూడా "రానా?" అని అడగాలి. 'ట్వైలైట్'లో మేయర్ ఈ రూల్ తీసేసింది. ఎడ్వర్డ్ రాత్రిళ్లు బెల్లాకి తెలియకుండా ఆమె గదిలోకి వచ్చి, నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. విషయం తెలిసినప్పుడు బెల్లా మురిసిపోతుంది. మూడో భాగంలో ఆమె జేకబ్ దగ్గరికి వెళ్లకుండా ట్రక్ ఇంజిన్లో పార్ట్ పీకేస్తాడు. ఆమె క్షేమం కోసమేనట.

పదహారేళ్లప్పుడు నేనూ మురిసిపోయాను. ఆరుగురం మురిసిపోయాం.

ఇరవై రెండేళ్లకి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఒకబ్బాయి. మంచివాడే అనుకున్నాను. "సేఫ్టీ కోసం లైవ్ లొకేషన్ ఆన్‌లో పెట్టు" అన్నాడు. పెట్టాను. "మన మధ్య దాపరికాలేంటి" అని పాస్‌వర్డ్ అడిగాడు. ఇచ్చాను. ఒక రాత్రి రిలీజ్ ఉండి రెండింటిదాకా ఆఫీసులో ఉన్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. కిందికి దిగేసరికి గేటు దగ్గర అతను. ఎంత ప్రేమో అనుకున్నాను, నిజంగా. మా టీమ్‌లో సీనియర్ అక్క ఒకావిడ నా వెనకే వచ్చింది. మర్నాడు టీ దగ్గర మెల్లగా అడిగింది: "నిన్న ఆ అబ్బాయి నీకోసం భయపడి వచ్చాడా, నీ మీద అనుమానంతో వచ్చాడా?"

గుర్తు చేసుకున్నాను. నన్ను చూడగానే అతను అడిగిన మొదటి మాట "తిన్నావా" కాదు, "లోపల ఇంకా ఎవరున్నారు?"

బయటపడటానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నెలల గురించి ఇంకోసారి రాస్తాను. తప్పు పుస్తకానిదని మాత్రం అనను. అమ్మాయి వద్దంటున్నా వెంటపడితే ప్రేమేనని మన సినిమాలు వాంపైర్ల అవసరం లేకుండానే నేర్పాయి. కానీ ఆ పని చూసినప్పుడు దానికి పెట్టుకోవడానికి నా దగ్గర 'కాపాడుకోవడం' అనే ఒక్క పేరే ఉండింది. ఆ పేరు ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు.

సాయంత్రం పిన్ని వాళ్లింటికి వెళ్లాను. చెల్లి మొహం మాడ్చుకుని కూర్చుంది. పక్కన కూర్చుని, పెద్ద ఆరిందాలా కిటికీ సీన్ సంగతి ఎత్తాను.

"తెలుసక్కా, అది చాలా క్రీపీ" అంది వెంటనే. "నిజంగా ఎవడైనా అలా వస్తే అరిచి చస్తాను. పుస్తకంలో అయితే భయమేస్తే మూసేయొచ్చు కదా."

నేను ఆరేళ్లు పట్టి నేర్చుకున్నది దీనికి పదిహేనేళ్లకే తెలుసు. ఈ కథల్లో అసలు మజా అదేనేమో. ప్రమాదం దగ్గరికి వెళ్లొచ్చు, పేజీ మాత్రం మన చేతిలో ఉంటుంది. ఆ మాట అది పైకి అనగలిగింది, ఎందుకంటే అడిగేవాళ్లు ఒకరున్నారు. మా ఆరుగురినీ ఎవరూ అడగలేదు. వార్డెన్ పుస్తకం దొరికిన రోజున చింపి పారేసింది, అంతే.

పిన్నికి అదే చెప్పాను. "నువ్వు మాత్రం తులసిదళం చదవలేదా?" అన్నాను. పిన్ని మొహంలో దొంగ నవ్వు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి, వంటింట్లో పప్పు డబ్బా వెనక దాచి చదివిందట. వారం రోజులు బాత్రూమ్‌కి వెళ్లాలంటే అమ్మమ్మని తోడు రమ్మందట. "అది వేరే, అందులో ప్రేమ లేదు" అంది. అంటే చేతబడి ఫర్వాలేదు, ప్రేమే ప్రమాదం!

చివరికి ఒప్పందం కుదిరింది. రాత్రి పదిన్నర తర్వాత ఫోన్ హాల్లో ఉంటుంది. పుస్తకం మాత్రం చదువుకోవచ్చు. మొదటి భాగం పిన్ని కూడా చదువుతుంది, అర్థం కానిచోట చెల్లి చెప్తుంది. బాబాయి ఏమీ మాట్లాడకుండా బీరువా తాళం తీశాడు.

ఫోన్ ఇవ్వడానికి ఎప్పట్లాగే తలుపు తోసుకుని చెల్లి గదిలోకి నడిచాడు. అది తలెత్తకుండానే అంది: "నాన్నా, డ్రాకులా కూడా అడిగే వస్తాడు."

బాబాయి ఒక్క క్షణం నిలబడిపోయాడు. వెనక్కి వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, రెండుసార్లు తట్టాడు.