దిద్దితే తప్పేంటి?

మన కాలేజీలో "కాపీ" అంటే బూతుమాటే. అసైన్‌మెంట్ కాపీ కొడితే సున్నా, ల్యాబ్ ప్రోగ్రామ్ కాపీ కొడితే వైవాలో పరువు గోవిందా. అందుకే హాస్టల్లో వెర్మీర్ బొమ్మని ఆయిల్ పెయింట్స్‌తో కాపీ చేస్తున్నానంటే ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే ప్రశ్న: "సొంతంగా ఏదైనా వెయ్యొచ్చుగా? లేదా ఏఐకి చెప్తే పది సెకన్లలో ఇచ్చేస్తుందిగా?"

నా మటుకు నాకు, పాత మాస్టర్ల బొమ్మని చేత్తో మళ్ళీ వెయ్యడం చాలా నిజాయితీ గల చదువు.

నేను ఎంచుకున్నది 'గర్ల్ విత్ ఎ పర్ల్ ఇయరింగ్'. సుమారు 1665 నాటిది, హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఫోన్లో అందరం వందసార్లు చూసుంటాం. కానీ ఆ అమ్మాయి ముక్కుకీ అవతలి చెంపకీ మధ్య గీతే లేదని బ్రష్ పట్టుకున్నాకే నాకు తెలిసింది. రెండూ ఒకే రంగులో కలిసిపోయాయి, ముక్కుని పూర్తి చేసేది మన మెదడే. ముత్యానికి కొక్కెం కూడా లేదు. పైన ఒక తెల్లటి మెరుపు, కింద తెల్ల కాలర్ ప్రతిబింబం, అంతే!

పైగా ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి, దానికి రోజులు పడుతుంది. ముందు గోధుమరంగులో వెలుగునీడలు, అవి ఆరాక చర్మం రంగు, ఆపైన పల్చటి పొరలు. కింది పొరకంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలి, లేకపోతే పగుళ్ళొస్తాయి. ఈ ఆగడంలోనే చూడటం అలవాటవుతుంది.

"కాపీ చేస్తే ఒరిజినాలిటీ పోతుంది" అంటారా? 1628-29లో రూబెన్స్ మాడ్రిడ్‌లో టిషియన్ వేసిన 'ఆడమ్ అండ్ ఈవ్'ని కాపీ చేశాడు. అప్పటికే ఆయనకి యాభై దాటాయి, యూరప్ అంతా పేరుంది. కాపీ చేస్తూనే ఆడమ్ భంగిమ మార్చాడు, ఓ చిలకని చేర్చాడు. రెండు బొమ్మలూ ఇప్పుడు ప్రాడో మ్యూజియంలోనే ఉన్నాయి. పారిస్‌లోని లూవ్ర్‌లో ఈరోజుకీ అనుమతి తీసుకుని కాపీ చేసేవాళ్ళున్నారు. సైజు మాత్రం అసలు బొమ్మకి సమానంగా ఉండకూడదు. నేర్చుకోవడానికీ మోసానికీ మధ్య హద్దు అక్కడ అంత స్పష్టం.

దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: దిద్దడం. పలక మీద అమ్మ రాసిన 'అ' మీద బలపంతో మళ్ళీ మళ్ళీ రాయడం దిద్దడమే, తప్పు సరిచేయడమూ దిద్దడమే. ఇంగ్లిష్ మీడియం వాడినైనా నా చేతికి తెలుగు అక్షరాలు వచ్చింది అలాగే.

జీవితాంతం ఒకరి బొమ్మలే వేస్తూ కూర్చోమని కాదు. అసలు బొమ్మని మూసేశాక మన దగ్గర ఏం మిగిలింది అన్నదే పరీక్ష. అసైన్‌మెంట్ కాపీలో ఏమీ మిగలదు, పది సెకన్ల ఏఐ బొమ్మలోనూ అంతే. ఇక్కడ కనీసం ఒక ముక్కు మిగిలింది.

బ్రష్ పట్టని వాళ్ళు క్విక్ సార్ట్ కోడ్ తీసుకోండి. పేస్ట్ చేయకుండా, ఏ లైను ఎందుకుందో అడుగుతూ టైప్ చేసి, మూసేసి మళ్ళీ రాయండి. అదీ దిద్దడమే.