సంపాదకుని మాట: సరస్సుల కంటే ముందు మెట్లు

ఈ సంచిక ముఖచిత్ర కథనం కశ్మీర్ సరస్సుల నడక. సోన్‌మార్గ్ దగ్గర బయల్దేరి విషన్‌సర్, కృష్ణసర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్ చూసుకుంటూ నారానాగ్‌లో దిగే దారి. ఫొటోలు చూడగానే టికెట్లు తీసేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి.

ఈ దారిలో అన్నిటికంటే ఎత్తయిన కనుమ సుమారు 4,200 మీటర్లు. హైదరాబాద్ ఎత్తు 500 పైచిలుకే. ఆ కనుమ మీదా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. పీడనం పడిపోతుంది కాబట్టి ఒక్కో శ్వాసకు అందేది సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం. జిమ్‌లో కండలు పెంచినవాళ్లకూ మినహాయింపు లేదు. రెండు నెలల ముందు నుంచే వీపున బరువేసుకుని భువనగిరి కోట మెట్లెక్కితే దమ్ము పెరుగుతుంది. దిగడం కూడా సాధన చేయండి, మోకాళ్లకు అసలు పరీక్ష అదే. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటం మాత్రం పైన నిదానంగా గడిపిన రాత్రులతోనే వస్తుంది.

కొత్త బూట్లను ఇక్కడే నడిచి లొంగదీయండి. మడమ ఎర్రబడగానే టేపు అంటించాలి, బొబ్బ తేలేదాకా చూడొద్దు. తడిసిన కాటన్ బనియన్ అక్కడ ఓ పట్టాన ఆరదు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ముకశ్మీర్‌లో పనిచేయవు, ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి (లేకపోతే అమ్మ పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది!).

తలనొప్పి, వాంతులు మొదలైతే ఎక్కడం ఆపాలి; తగ్గకపోతే దిగాలి. మొహమాటపడి దాచుకోవద్దు. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందే డాక్టరును కలవండి. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర సంగతీ ఆయన్నే అడగండి.